ఆదెప్ప తెరిచిన కళ్లు

పుంగనూరులో తలుపుల ఆదెప్ప అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. వాకిళ్లు, ద్వారబంధాలు, మంచాలు, పీటలు చేస్తాడు. ముఖం ఉన్న వస్తువు మాత్రం చేయడు. వినాయకుడికి పీట చేస్తాడు గానీ వినాయకుణ్ణి చేయడు. చంటిబిడ్డకు చెక్కబొమ్మ చేసిపెట్టమన్నా చేతులు జోడించి పంపేస్తాడు. ముసలాయన చాదస్తం అని వీధివాళ్లు నవ్వుకుంటారు. ఒకప్పుడు కుప్పం నుంచి మదనపల్లె దాకా ఏ పల్లెలో అమ్మవారి కొయ్యబొమ్మ పుచ్చిపోయినా ఈయన గడపకే వచ్చేవాళ్లని వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు చాలామంది పోయారు. ఉన్నవాళ్లు కూడా అతను ఎందుకు మానేశాడని అడిగి అడిగి ఊరుకున్నారు.

పన్నెండేళ్లకు తండ్రి చేతికి ఉలి ఇచ్చాడు. ఉలి కంటే ముందు రెండు మాటలు ఇచ్చాడు. బొమ్మకు కళ్లు ఆఖర్న తెరవాలి, తెల్లవారుజామున తలస్నానం చేసి ఒంటరిగా బంగారు సూదితో గీయాలి, తెరిచిన కంటి మొదటి చూపు మనిషి మీద పడకుండా ఎదురుగా అద్దం పెట్టి వెనుదిరగాలి. ఇది మొదటిది. రెండోది పాత బొమ్మను నీళ్లలో విడిచే సంగతి. కళ్లకు పసుపు ముద్ద పెట్టి మూయాలి, విడవాలి, తిరిగి చూడకుండా రావాలి. చూస్తే వెంట వస్తుందిరా అన్నాడు తండ్రి. ఆదెప్ప తనకు నలభై అయిదేళ్లు వచ్చేదాకా ఈ రెండు మాటలూ తు.చ. తప్పకుండా పాటించాడు. తప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారే అతని బతుకంతా మింగేసింది.

అది ఇరవై మూడేళ్ల కిందటి కరువు. రామకుప్పం అవతల అడవి అంచు పల్లెలో గంగమ్మ పాతబడిందని ఆదెప్ప చేత కొత్త బొమ్మ చేయించారు. పాతది నడుమెత్తు బొమ్మ, వేపకొయ్య, రెండు చేతులు, వీపు మీద లావుపాటి జడ. కొత్తమ్మను నిలపాలంటే పాతమ్మలోని కళను ముందు నీళ్లకుండలోకి దించాలి. కుండలోంచి కొత్త కొయ్యలోకి ఎక్కించాలి. అప్పుడే పాతది వట్టి కొయ్య అవుతుంది. పూజారి మంత్రం సగంలో ఉండగా రాగి చేలో ఏనుగులు పడ్డాయని కేక వినిపించింది. కరువులో బోరు నీళ్లు పోసి పెంచిన నాలుగు గుంటల రాగి అది. పూజారితో సహా ఊరంతా పలక డప్పులు, టపాకాయలు పట్టుకుని పరిగెత్తింది. ఎవరి కాలో తగిలి కుండ దొర్లింది. నీళ్లు మట్టిలో ఇంకిపోవడం ఆదెప్ప ఒక్కడే చూశాడు.

మరునాడు ఇంకో కుండతో పని కానిచ్చారు. ఆ కుండలోకి ఏమీ దిగలేదని, కళ ఇంకా పాతమ్మలోనే ఉందని ఆదెప్పకు తెలుసు. నోరు విప్పలేదు. జనం అలిసిపోయి ఉన్నారు, పంట పోయి ఉన్నారు, మళ్లీ మొదలుపెట్టమంటే తన్నేట్టున్నారు. ఊరి చెరువు ఎండి బీటలు పడింది, పాతమ్మను దోవలో ఎక్కడన్నా నీళ్లలో విడిచిపెట్టప్పా అని గోనెలో చుట్టి ఇతని చేతిలోనే పెట్టారు. రామకుప్పం దాటాడు, పలమనేరు దాటాడు. ఒక్క చెరువులో గుక్కెడు నీళ్లు లేవు. తాగే బావిలో వేస్తే ఊళ్లవాళ్లు ఊరుకోరు. బస్సులో కండక్టరు గోనెలో ఏముందని అడిగితే "కొయ్య" అన్నాడు. అతను చెప్పిన మొదటి అబద్ధం అదే. వానలు పడ్డాక విడవచ్చులే అని ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాడు.

వానలు రెండేళ్లకు పడ్డాయి. ఈలోగా మదనపల్లె దారిలో ఉన్న చిన్న కథోలిక గుడి నుంచి ఫాదర్ ఇన్నాసప్ప వచ్చాడు. పెద్దాయన, మాట మెత్తన, ఎవరింటికి పోయినా టీ అడిగి తాగే మనిషి. సెప్టెంబరు పండుగకు మరియ తల్లి బొమ్మ కావాలి, తేరు మీద ఊరేగించాలి అన్నాడు. ఆదెప్ప సంబరంగా ఒప్పుకున్నాడు. మొదటి కొయ్య నుదుటి దగ్గర పగిలింది. రెండోది సరిగ్గా పెదవుల దగ్గర చీలింది. పచ్చి కొయ్య, బాగా ఆరలేదు. పండుగ ఇరవై రోజులుంది. పల్లెపల్లెకూ పేరు మోసిన చేయి, ఒక బొమ్మ నిలపలేకపోయిందంటే తలెత్తుకోవడం ఎట్లా? ఇక్కడే ఉంది మనిషి పొగరు. అటక మీదికి చూశాడు. పాతికేళ్లు నూనె తాగి ఆరిన వేప, గంట మోగినట్టు మోగే కొయ్య.

వట్టి కొయ్యే కదా అనుకున్నాడు. కాదని తెలిసీ అనుకున్నాడు. చేతిలోని కత్తి చెక్కేసి రెండు చేతులూ రొమ్ము మీదికి మడిచాడు. కోరపళ్లు తీసేశాడు, పెదవులు సన్నం చేశాడు, తలమీద ముసుగు దించాడు. వెనక ముసుగు కింద జడ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడలేదు. అక్కడ ఉలి పెట్టకుండానే నీలం రంగు పూసేశాడు. తేరు మీద నిలిపితే వీపు ఎవరికి కనబడుతుంది! ఇక కళ్లు. క్రైస్తవుల బొమ్మకు ఆ తంతు అక్కర్లేదు, ఎవరూ అడగలేదు కూడా. అయినా తెల్లవారుజామున లేచి తలస్నానం చేసి సూది పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు. పని పూర్తయ్యాక అద్దం మరిచానని గుర్తొచ్చింది. అప్పటికే ఆ కళ్లు తెరుచుకుని అతన్నే చూస్తున్నాయి. చెక్కింది కొత్త ముఖం. చూపు మాత్రం ఆ రోజు దొర్లిన కుండ పక్కన ఉన్న పాతమ్మదే.

పండుగ నాడు జనం విరగబడ్డారు. క్రైస్తవులు ఎంతమందో కానివాళ్లూ అంతమంది. ఆడవాళ్లు ఆ గుడి మొక్కుబడి ఉప్పు, మిరియాలతో పాటు వేపమండలు తెచ్చారు, పసుపునీళ్లు పోశారు, పొంగళ్లు పెట్టారు. ఎవరు చెప్పారు వాళ్లకు? ఎవరూ చెప్పలేదు. ఆదెప్ప తేలుకుట్టిన దొంగలా తేరు వెనక నిలబడ్డాడు. ఫాదర్ ఇన్నాసప్ప మాత్రం నవ్వి ఊరుకున్నాడు. తర్వాత ఒకరోజు టీ తాగుతూ, దూరదేశాల్లో కూడా తమవాళ్లు చాలాచోట్ల పాత అమ్మల గుళ్ల మీదే కొత్త గుళ్లు కట్టారట అని చెప్పుకొచ్చాడు. పాత పండుగల రోజులకే కొత్త పండుగలు వచ్చాయని కొందరంటారు, కాదని కొందరంటారు, ఏది నిజమో ప్రభువుకే తెలియాలి అన్నాడు.

"ఇల్లు తీసుకున్నోడు ఇంటామెను తిట్టకూడదు గదా ఆదెప్పా. మావోళ్లు తిట్టినారు. ఏరు దాటి తెప్ప తగలేసినారు."

ఆదెప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. తను చేసింది ఈయనకు తెలిసిపోయిందా అనుకున్నాడు. లేదు, ఆయన ఏదో పుస్తకంలో చదివింది చెబుతున్నాడంతే. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే బాగుండేది. కక్కలేకపోయాడు. ఫాదర్ ఆ తర్వాత నాలుగేళ్లకు చనిపోయాడు, అడిగేవాళ్లు లేకపోయారు.

బొమ్మ నిలిపిన మరుసటి ఎండాకాలం ఆదెప్ప ఒక్కగానొక్క కూతురు మాలతికి అమ్మవారు పోసింది. పన్నెండేళ్ల పిల్ల, ఒళ్లంతా పొక్కులు, జ్వరంలో పలవరింత. భార్య సుభద్రమ్మ గంగమ్మకు ముడుపు కట్టింది. పిల్ల కళ్లు తెరవలేదు. అంతట, ఆ గుడిలో మరియమ్మ తల్లి చాలా సత్యమున్నదట అని ఎవరో చెబితే అక్కడికి పోయి వేపమండలతో పొర్లుదండాలు పెట్టింది. మూడోరోజుకు పొక్కులు మాడి పిల్లకు తల మీద నీళ్లు పోశారు. "ఇద్దరమ్మలూ కలిసి కాపాడినారు" అంది సుభద్రమ్మ బతికినన్నాళ్లూ. ఆ మాట అన్నప్పుడల్లా ఆదెప్పకు ఇద్దరు కాదే, ఒక్కతే అని నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది.

ఆ తర్వాతే అతని చేతికి ఏదో అయింది. ఆంజనేయుణ్ణి చెక్కితే ఆ చూపే. తిరునాళ్లకు పిల్లల గుర్రాలు చేస్తే గుర్రం కంట్లోనూ ఆ చూపే. కనుపాప పైకి గీసినా కిందికి గీసినా, చెమర్చకుండా, కోపం లేకుండా, నన్నెక్కడ విడిచావప్పా అని అడిగే చూపు. ఒకనాడు బొమ్మల పని మొత్తం కట్టిపెట్టాడు. తలుపులకు ముఖాలుండవు.

మాలతిని మదనపల్లెలో టమాటా లారీ నడిపే హరీష్‌కిచ్చి చేశారు. మంచివాడే, మందు తాగనంత వరకు. తాగితే చేయి లేచేది. పెళ్లయిన ఏడో ఏట ఎవరో పిలిస్తే ఇద్దరూ ఒక కొత్త ప్రార్థన మందిరానికి వెళ్లారు. ఆ పూట నుంచి హరీష్ చుక్క ముట్టలేదు. ఇది అబద్ధం కాదు, ఆదెప్ప కళ్లారా చూశాడు, ఆ యేసుకు మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాడు కూడా. మాలతి బొట్టు తీసేసింది, సరే. పండక్కి పుట్టింట్లో పెట్టిన పొంగలి ముట్టనంది, అదీ సరే అనుకున్నాడు. తల్లి చనిపోతే దీపం పెట్టనని గడప బయటే నిలబడిపోయింది. ఆ రోజు మాత్రం ఏడ్చాడు.

ఆ మందిరం పాస్టరు వెంకటేష్ గొంతున్నవాడు. ప్రతి శుక్రవారం అందరి చేతా చెయ్యెత్తించి, పాత దయ్యాలను పేరుపేరునా శపించమంటాడు. గంగమ్మ పేరు, ఎల్లమ్మ పేరు. వాటితోపాటే కథోలికుల మరియ బొమ్మనూ. తోటి క్రైస్తవులే కదా అంటే, బొమ్మకు మొక్కేవాడు ఎవడైతేనేం, దయ్యం దయ్యమే అంటాడు. కూతురు ఫోనులో ఇదంతా మామూలుగా చెబుతుంటే, ఆమె ఎవరిని తిడుతున్నదో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇవతల నోరు కట్టుకుని వినేవాడు.

ఈ ఏడు మదనపల్లె దారి గుడికి కొత్తగా కుర్ర ఫాదర్ వచ్చాడు. పాత బొమ్మ లోపల చెదలు పట్టింది, బెంగళూరు నుంచి ఫైబర్ బొమ్మ తెప్పించాం, నీ చేతి పని కాబట్టి నువ్వే తీసుకుపో అని ఆటోలో పంపించేశాడు. ఆదెప్ప పని కొట్టంలో తెరిచి చూశాడు. నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కళ్లు అట్లాగే ఉన్నాయి. వాన పడి చెరువు నిండిన ఏడాదే ఆమె తిరిగి వచ్చింది. ఇప్పుడైనా విడుస్తావా లేదా అని అడగడానికి వచ్చినట్టే ఉంది అతనికి. అరవై ఎనిమిదేళ్ల ఒళ్లు, మోకాళ్లు పనిచేయవు. ఒంటరిగా చెరువు దాకా మోయలేడు. ఎవర్నన్నా పిలిస్తే ఇది ఏమిటని అడుగుతారు.

సరిగ్గా ఆ వారమే, బుధవారం పూట మాలతి వచ్చింది. గడప దాటకుండానే వచ్చిన పని చెప్పింది. పెళ్లయి పన్నెండేళ్లు, కడుపు పండలేదు. దయ్యాల బొమ్మలు చెక్కిన చేతి శాపమది అని పాస్టరు అన్నాడట. ఇంట్లో మిగిలిన బొమ్మలు, పటాలు ఆమె తన చేతులతో తెచ్చి ఆదివారం మందిరం ముందు మంటలో వేయాలట. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

"నా బిడ్డ సంగతి అట్లుండనీ నాయినా. నువ్వు నరకంలో కాలతావంటే నాకు నిద్ర పట్టేల్యా."

ఆదెప్ప కొట్టం తలుపు తీశాడు. మాలతి బొమ్మను చూడగానే గుర్తుపట్టింది. చిన్నప్పుడు అమ్మ చేయి పట్టుకుని పోయిన గుడి, అమ్మ పొర్లుదండాలు, వేప వాసన అన్నీ ఒక్కసారి మీదపడ్డట్టు గోడ పట్టుకుంది. ఈ బొమ్మ ఈడ ఏమిటికుండాది అని అడిగింది. అతను కూతురి చేయి పట్టుకుని బొమ్మ వీపు మీద పెట్టాడు. పెచ్చులు లేచిన రంగు కింద ఆమె వేళ్లకు జడ తగిలింది. పాయలు పాయలుగా అల్లిన గంగమ్మ జడ.

అప్పుడు చెప్పాడు. ఏనుగులు, కుండ, బస్సు, అటక, ఉలి, ఏదీ దాచలేదు. భార్యకు చెప్పనిది, ఫాదరుకు చెప్పనిది కూతురికి చెప్పాడు. మాలతి జడ మీంచి చేయి తీసుకుంది. మెల్లగా అడిగింది.

"అయితే నాకు అమ్మ పోసినబ్బుడు నన్ను బతికిచ్చింది ఈమేనా?"

"మీయమ్మ అట్లే నమ్మింది. నాకు తెలిసింది ఈ కొయ్య ఒకటే."

"ప్రతి శుక్రవారం పేరు పెట్టి తిట్టినాను నాయినా. రెండు పేర్లతో తిట్టినాను. నువ్వు ఫోనులో ఇంటా ఉండి కూడా సెప్పకపోతివే."

ఆ మాట అతనికి ఉలి దిగినట్టు దిగింది. తప్పు తనది, తిట్లు తిన్నది అమ్మ, పాపం మోసింది ఈ పిల్ల. మంటలో వేస్తావా అని అడిగాడు చివరికి. వేస్తానంటే అడ్డుపడే మొహం తనకు లేదు. మాలతి బొమ్మ ముఖంలోకి చూసింది, వెంటనే తల తిప్పుకుంది. నీళ్లలో విడవాలంటివి గదా, పోదాం పద అంది. ఆదెప్ప నమ్మలేక చూశాడు.

"నేను మొక్కను. మోస్తాను, అంతే."

సాయంత్రం ఎండ ఉండగానే బయల్దేరారు. బొమ్మ లోపల గుల్లబడి తేలికైంది. మాలతి దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకలో ఎత్తుకుంది. పైన తువ్వాలు కప్పింది. వెనక ఆదెప్ప కర్ర ఆనించుకుంటూ పసుపు గిన్నెతో నడిచాడు. పన్నెండేళ్లుగా ఖాళీగా ఉన్న ఆ నడుము మీద అమ్మను చూసి అతనికి గుండె చెరువైంది. గట్టు మీద కూర్చోబెట్టి కళ్లకు పసుపు పెట్టబోతే ముద్ద జారి నేలపాలైంది. రెండోసారీ అంతే. మాలతి గిన్నె లాక్కుంది. పెదవులు ఏదో గొణిగాయి, యేసు పేరో అమ్మ పేరో అతనికి వినబడలేదు. రెండు వేళ్లతో ఒక కన్ను, రెండు వేళ్లతో ఇంకో కన్ను మూసేసింది. నడుముల్లోతు నీళ్లలోకి పోయి విడిచి వచ్చింది. ఇద్దరూ తిరిగి చూడలేదు. బస్టాండుకు నడిచారు. బస్సెక్కే ముందు మాలతి చేతులు చూసుకుంది. గోళ్లన్నీ పసుపు.

మరునాడు పొద్దున ఆదెప్ప కాళ్లు చెరువు వైపే లాగాయి. పాతబొమ్మకు రాయి కట్టి విడవాలి. రాయి కట్టడం ఎప్పుడూ ఊళ్లవాళ్లే చేసేవాళ్లు, చెక్కేవాడి వంతు కాదు. అందుకే నిన్న తట్టలేదు. ఎండిన వేపకొయ్య, చెదలు తిన్న గుల్ల, ఎట్లా మునుగుతుంది? బట్టలుతికే రేవు దగ్గర నలుగురు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. నీళ్లకు నీలం రంగు చాలావరకు రాలిపోయింది. బండ మీద ఆనించి నిలబెట్టిన కొయ్యకు అప్పుడే పసుపు పూసి వేపమండ గుచ్చారు. రేవుకు పెద్ద దిక్కయిన మంగమ్మ ఇతన్ని చూసి అడిగింది.

"పెద్దాయప్పా, నీకు తెలుస్తాది. ఏ అమ్మ ఇది?"

ఆదెప్ప ఏ పేరూ చెప్పలేదు. ఈసారి కొయ్య అని మాత్రం అనలేదు. ఇల్లు చేరి తలుపు చెక్క ముందు కూర్చున్నాడు గానీ ఆ రోజు, మరునాడు కూడా పని సాగలేదు.

శనివారం మాలతి ఫోన్ చేసింది. పలకరింపు లేదు, తిన్నావా అన్న మాట లేదు.

"మునిగిందా నాయినా?"

మునిగిందని చెబితే ఆ పిల్ల ప్రశాంతంగా ఉంటుంది. ఒక్క మాట. ఇరవై మూడేళ్లు దాచినవాడికి ఇంకొక్కటి దాచడం కష్టమేమీ కాదు. ఆదెప్ప ఫోను చెవి మార్చుకున్నాడు.

"లేదమ్మా. తేలి ఒడ్డుకొచ్చింది. రేవులో ఆడోళ్లు పసుపు పూసి నిలబెట్టుకున్యారు."

అవతల ఎక్కడో లారీ హారన్ మోగింది. మాలతి మెల్లగా చెప్పుకొచ్చింది. నిన్న శుక్రవారం మందిరంలో అందరూ చేతులెత్తారు. తన వంతు వచ్చేసరికి పేరు నోటికి రాలేదు. పక్కనున్న నీరజక్క మోచేత్తో పొడిచింది. అయినా రాలేదు. పాస్టరు వెనక వరసకు పొమ్మన్నాడు, పోయి కూర్చుంది.

"యేసయ్యను నేను ఇడిసిపెట్టను నాయినా. నా ఇంట్లో దీపం పెట్టింది ఆయనే. ఆమెను మాత్రం ఇంక తిట్టలేను. ఏమన్నా సేసుకోనీ."

ఆదెప్పకు కళ్లు మసకబారాయి. మంచిదమ్మా అనబోయాడు. ఆమె ఇంకా ఏదో అడగాలని అడగలేక ఊపిరి బిగపట్టడం వినిపించింది.

"మనం పసుపు పెట్టి మూసినాం గదా. మూసే ఉండాయా కండ్లు?"

"నీళ్లకు కరిగిపోయిందమ్మా పసుపు. తెరిసే ఉండాయి."

మాలతి ఫోను పెట్టేయలేదు. ఆదెప్పా పెట్టలేదు.